గుట్టకు మొర్రి గింజ చాలు

పాలమూరు, నల్లగొండ గుట్టల మీద అడవి మళ్లీ నిలబడాలంటే ముందు ఏ చెట్టు రావాలని అడిగితే నా జవాబు మొర్రి. ఎండాకాలంలో మోదుగాకు దొప్పల్లో సంతకొచ్చే నల్లటి చిన్న పండ్లు ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. ఆ పండు లోపలి గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. అది హైదరాబాద్‌లో రంజాన్ పండక్కి షీర్ ఖుర్మాలో పడుతుంది, కిరాణా కొట్టులో బాదం పప్పును మించిన ధర పలుకుతుంది. పండు తెలుసు, పప్పు తెలుసు, చెట్టును పెంచుదామనే ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వెలిశాయి, కోట్ల మొక్కలు పంచారు. వాటిలో మొర్రి కనిపించడం అరుదు. "అది నర్సరీలో రాదు, వచ్చినా నాటితే బతకదు" అనే మాట స్థిరపడిపోయింది.

ఆ మాటలో సగమే నిజం. నర్సరీ సంచిలో మొర్రి నిజంగానే మొరాయిస్తుంది. అయితే మనుషులెవరూ నాటకుండానే నల్లమల నిండా అది వేల ఏళ్లుగా పెరుగుతూనే ఉంది. బతకనిది మన పద్ధతిలో: జూన్‌లో మొక్క పంచడం, జూలైలో గుంత తీసి పెట్టడం, అక్టోబరులో లెక్క రాసుకోవడం. మొర్రిని నాటకూడదు, విత్తాలి. విత్తిన తర్వాత అయిదేళ్లు మేకనూ నిప్పునూ దూరంగా ఉంచాలి. మొక్కకు పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం కాపలాకు పెడితే ఈ గుట్టల మీద మొర్రి వస్తుంది. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

ముందు చెట్టును గుర్తుపట్టడం. మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబమే మొర్రి కూడా. శాస్త్రీయంగా బుకనానియా లాంజాన్. ఇప్పుడు కొందరు దాన్ని బుకనానియా కొచ్చిన్‌చైనెన్సిస్ కింద కలిపేస్తున్నారు, నర్సరీ పుస్తకాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. మంచి నేలలో 15 మీటర్ల దాకా పెరుగుతుంది, మొరం గుట్ట మీద అందులో సగం. బెరడు ముదురు బూడిద రంగులో, చదరపు పలకలుగా చీలి మొసలి వీపులా ఉంటుంది. ఆకు దళసరి, జానెడు పొడవు, కొస మొద్దుగా ఉంటుంది. అడుగున సన్నటి నూగు, నడి ఈనె నుంచి రెండు పక్కలా వరసగా స్పష్టమైన ఈనెలు. జనవరి నుంచి మార్చి లోపు కొమ్మల చివర తెల్లటి, కాస్త పచ్చదనం కలిసిన చిన్న పూల గుత్తులు వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా పండ్లు. పండు సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది, మాగితే నల్లబడి మెత్తనవుతుంది.

ఈ గుట్టల మీద దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది, బుకనానియా ఆక్సిల్లారిస్. దాని ఆకు చిన్నది, నునుపు, కొస కాస్త నొక్కినట్టు ఉంటుంది. దాన్నీ మొర్రి అనే పిలుస్తారు, దాని పప్పూ తింటారు. రాతి గుట్టకు అదీ పనికొస్తుంది కనుక దొరికితే వదలొద్దు. గింజలు మాత్రం కలపకుండా వేరువేరు సంచుల్లో పెట్టాలి. జాగ్రత్తగా ఉండాల్సింది నల్లజీడితో. అదే అడవిలో పక్కపక్కనే ఉంటుంది, ఆకు మొర్రి ఆకు కంటే చాలా పెద్దది, కాయకు తొడిమ వైపున నారింజ రంగు గుజ్జు భాగం ఉంటుంది. దాని జీడి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. గింజలేరడానికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ తేడా ముందు చూపించాలి.

ఇన్ని చెట్లుండగా మొర్రే ఎందుకు? అడవిలో తిండి ఏ నెలలో దొరుకుతుందో చూస్తే తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. జూన్‌లో తొలకరికి నేరేడు వస్తుంది. సీతాఫలం ఆగస్టు దాటాకే. రేగుపండ్లు చలికాలానివి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా, వాగులు ఎండి, గడ్డి మాడి, చెలిమల్లో తప్ప నీళ్లు లేని రోజుల్లో, గుట్ట మీద మిగిలే పండ్లు తునికి, మొర్రి, కొన్ని తావుల్లో పాల. ఈ మూడూ లేని గుట్టలో మే నెలంతా అడవి జీవాలకు పస్తే. గుడ్డెలుగు మొర్రి పండ్లను గింజతో సహా మింగుతుంది, పెంటలో గింజలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. నక్క, పునుగుపిల్లి కూడా అంతే. పండు చిన్నది కనుక పికిలిపిట్టలు, గోరింకలు, బూడిదరంగు కొమ్ముకోడి (హార్న్‌బిల్) సులువుగా మింగగలవు. కొండముచ్చులూ కోతులూ చెట్టెక్కి తింటాయి, కింద రాలినవి దుప్పులు ఏరుకుంటాయి. ఎలుగు గుట్ట దాటితే గింజా గుట్ట దాటినట్టే. ఒక చెట్టు తనంతట తాను విస్తరించాలంటే ఈ మోతగాళ్లు ఉండాలి. వాళ్లకు కూలీ ఆ గుజ్జే.

సీతాఫలం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పాలమూరు గుట్టల పేరు చెప్పగానే అందరికీ అదే గుర్తొస్తుంది. బాలానగర్ సీతాఫలం దేశమంతా తెలిసిన రకం, దాని మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో. దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. దాని ఆకు మేక ముట్టదు కాబట్టే గుట్టలన్నీ నింపేసింది. అంటే సీతాఫలం నిండిన గుట్ట పచ్చగా కనిపిస్తున్నా అక్కడ మేక ముట్టే చెట్లన్నీ పోయాయని అర్థం. అవి ఎందుకు పోయాయో ఆ పచ్చదనం దాచేస్తుంది.

ఇక నేల. మన చెల్క నేలలు, గ్రానైటు గుట్టల వాలులు, మొరం, రాళ్ల మధ్య చారెడు ఎర్రమట్టి, ఇవన్నీ మొర్రికి సరిపోతాయి. అమ్రాబాద్ పీఠభూమి మీద ఇసుకరాతి నేలలోనూ బాగా పెరుగుతుంది. సాలుకు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, మధ్యలో మూడు నాలుగు వారాలు వాన పడని ఎడ, ఈ ప్రాంతానికి మామూలే. వేరు లోతుకు దిగాక మొర్రి ఆ ఎడను ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది నీళ్లు నిలవడం. నల్లరేగడిలో వద్దు. కుంట శిఖంలో వద్దు. చెరువు కట్ట కింద ఊట పారే జాగలో అసలే వద్దు. ఒర్రె అంచుల్లో, లోతు మట్టి ఉన్న లోయల్లో తాండ్ర, నేరేడు, కానుగ వేసుకోవచ్చు, వాలు మీదకు ఎక్కాక మొర్రి.

ఇది ఇంటి ముందు చెట్టు కాదు, రోడ్డు పక్క చెట్టూ కాదు. కరెంటు తీగల కింద, అపార్ట్‌మెంటు ప్రహరీ పక్కన దీన్ని ఇరికించడం వల్ల ఎవరికీ లాభం లేదు. దానికి విస్తీర్ణం కావాలి, తోడు చెట్లు కావాలి, తొందరపెట్టని మనుషులు కావాలి. ఊరికీ తండాకూ ఆనుకున్న చేన్ల గెట్ల మీద కూడా నేను వద్దంటాను. పండే కాలంలో గుడ్డెలుగు అక్కడికి వస్తుంది, పొద్దు పొడవకముందే చేనుకు పోయే మనిషికి ఎదురుపడుతుంది. ఎలుగులు తిరిగే దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఇది నిజమైన ప్రమాదం. అక్కడ మొర్రి ఊరికి కనీసం ఒక కిలోమీటరు అవతల, అడవి వైపు వాలులో ఉండాలి.

గింజ దగ్గరే సగం పని

మొర్రి విత్తనం మామిడి టెంక లాంటిదే, నిల్వకు ఆగదు. పప్పులో సగానికి దగ్గరగా నూనె ఉంటుంది. ఎండలో, మూసిన సంచిలో, తడి గుజ్జుతో కలిసి ఉంటే ఆ నూనె ముక్కిన వాసన కొడుతుంది, మొలక చస్తుంది. అందుకే వ్యాపారి గోదాములో ఉన్న గింజ కొని విత్తితే ఏమీ మొలవదు. మొర్రి రాదనే పేరు రావడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

గింజ ఏరాల్సింది మే నెలలో, పండు పూర్తిగా నల్లబడి వేలితో నొక్కితే గుజ్జు జారేటప్పుడు. పచ్చికాయలో పప్పు ముడుచుకుని ఉంటుంది, మొలవదు. చెట్టు కింద పాత చీరో టార్పాలినో పరిచి కొమ్మను చేత్తో ఊపితే మాగినవి మాత్రమే రాలతాయి. కర్రతో కొట్టకూడదు. కొడితే పచ్చివీ పడతాయి, వచ్చే ఏడు పూయాల్సిన కొమ్మ చివరలూ విరుగుతాయి. ఒకటి రెండు చెట్లతో సరిపెట్టుకోకుండా కనీసం 20 చెట్ల నుంచి, అవీ దూరదూరంగా ఉన్నవాటి నుంచి తీసుకోవాలి. ఒక్క తల్లి పిల్లలతో గుట్టంతా నింపితే ఒకే తెగులు అన్నిటినీ పట్టగలదు, కాపు కూడా అన్నీ ఒకే ఏడు తప్పగలవు. నల్లమల, రాచకొండ వైపు గింజ మన ఎండకూ మన వానకూ అలవాటు పడ్డది. ఇతర రాష్ట్రాల నుంచి తెప్పించుకునే అవసరం లేదు.

రిజర్వు ఫారెస్టులో గింజలేరాలన్నా విత్తాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోర్ భాగంలో బయటివాళ్లు చేయాల్సిన పని ఏదీ లేదు, అక్కడ ఎలుగులే ఆ పని చేస్తాయి. అనుమతి తెచ్చుకోలేనివాళ్లు చెంచు పెంటల్లో (అడవిలోని చెంచుల గూడేల్లో) సారపప్పు సేకరించే కుటుంబాల దగ్గర నేరుగా కొనొచ్చు. పప్పు ధరకు లెక్కగట్టి ఇవ్వాలి, గింజే కదా అని బేరమాడకూడదు. పండ్లు తెచ్చిన రోజే గుజ్జు కడిగి ఇమ్మని ముందే చెప్పుకోవాలి. రెండు రోజులు కుప్పగా పడి ఉంటే గుజ్జు పులుస్తుంది, లోపల వేడి పుడుతుంది, గింజ ఉడికినంత పనవుతుంది.

కడగడం ఇలా. పండ్లను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. పొద్దున గోనెపట్టా మీద పోసి, గుప్పెడు ఇసుక చల్లి, చేత్తో రుద్దితే గుజ్జు ఊడిపోతుంది. బకెట్ నీళ్లలో వేస్తే తొక్కలూ తాలు గింజలూ తేలతాయి, వాటిని పారబోయాలి. మునిగిన గింజలను మరో రెండు నీళ్లు కడిగి, నీడలో పలచగా రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ఎండలో వద్దు, బండ మీద అసలే వద్దు. ఆరాక గుడ్డ సంచిలో కట్టి గాలాడే చోట వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే వారంలో బూజు పడుతుంది. ఆ వానాకాలంలోనే విత్తేయాలి, మరుసటి ఏడుకు దాస్తే మొలక బాగా పడిపోతుంది.

కొన్న గింజ మీద అనుమానముంటే 20 గింజలు పగలగొట్టి చూడాలి. పప్పు నిండుగా, మీగడ రంగులో, చప్పగా తియ్యగా ఉంటే మంచిది. గోధుమ రంగుకు తిరిగి, వేలికి జిడ్డంటి, ముక్కిన వాసన వస్తే ఆ మూట విత్తనానికి పనికిరాదు. ఇరవైలో అయిదారు అలా కనిపించినా విత్తే గింజల సంఖ్య పెంచాలి, సగం అలా ఉంటే కొనకూడదు.

గుంతలో కాదు, చారెడు మట్టిలో

విత్తడానికి తొందర పడకూడదు. మృగశిర జల్లుకు పైమట్టి తడుస్తుంది, నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది, అప్పటికి రెండు మంచి వానలు పడి జానెడు లోతు తడిసి ఉంటే మొదలుపెట్టొచ్చు. లేకపోతే జూలై మొదటి వారం, పునర్వసు దాకా ఆగినా నష్టం లేదు. జూలై దాటితే వద్దు. మొలిచిన మొక్కకు వేరు దింపుకోవడానికి సెప్టెంబరు చివరి దాకా కనీసం రెండు నెలల తడి కావాలి.

వాలు మీద చోటు ఎంచుకోవడంలోనే నేర్పు ఉంది. కదలని పెద్ద రాయికి పై వైపున, వాన నీరు రాయికి తగిలి ఒండ్రు దింపే చోట తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. లేదా ఉన్న పొద నీడ అంచున. లేత మొర్రి కాస్త నీడ ఓర్చుకుంటుంది, మొదటి ఎండాకాలం ఆ నీడే దాన్ని కాపాడుతుంది. గడ్డపారతో అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టి గుల్ల చేసి, మళ్లీ అదే మట్టి నింపి కాలితో మెల్లగా అదమాలి. ఆ చోటికి కింది వైపు అర్ధచంద్రాకారంలో జానెడెత్తు కట్ట వేస్తే వాలు నీళ్లు కాసేపు ఆగుతాయి. పశువుల ఎరువు వేయాలన్న ఉబలాటం ఆపుకోవాలి. సరిగా మాగని ఎరువు ఎండు గుట్టలో చెదల్ని పిలుస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి లాంటి మహావృక్షాన్నే చెదలు కొమ్మలు కూలేదాకా తెచ్చాయి, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి దాన్ని కాపాడాల్సి వచ్చింది. జానెడు మొక్క వాటికి ఒక రాత్రి పని.

గింజలను ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెట్టి, చోటుకు అయిదు చొప్పున, ఒకదానికొకటి బెత్తెడు దూరంలో, సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర లోతులో పెట్టాలి. లోతు ఎక్కువైతే మొలక పైకి రాలేక కుళ్లుతుంది. పైన గుప్పెడు ఎండు గడ్డి. దాని మీద రేగు కంపో తుమ్మ కంపో తలకిందులుగా పెట్టి రాయి బరువు పెట్టాలి. ఈ కంప మేక నుంచే కాదు, నెమళ్ల నుంచి, పందికొక్కుల నుంచి కూడా కాపాడుతుంది.

ఒక సందేహం తరచుగా వస్తుంది. గింజ పెంకు చాలా గట్టిది కదా, పగలగొట్టి విత్తాలా? అంచున ఉన్న గీత మీద చిన్న సుత్తితో తట్టి పెంకు చిట్లిస్తే మొలక త్వరగా, ఎక్కువగా వస్తుందన్నది నిజం. నర్సరీ సంచిలో అది సరైన పని. గుట్ట మీద మాత్రం చిట్లించొద్దు. చిట్లిన గింజలోకి చీమలు దూరతాయి, బూజు దూరుతుంది. పైగా చిట్లిన గింజలన్నీ ఒకేసారి మొలుస్తాయి, జూలైలో ఎడ పడితే అన్నీ ఒకేసారి ఎండుతాయి. చిట్లించని గింజ మూడు వారాలకు మొదలుపెట్టి రెండు నెలల దాకా ఒకటొకటిగా మొలుస్తుంది. మొదటిది ఎండకు పోయినా మూడోది నిలుస్తుంది. మన వానల తీరుకు ఈ ఆలస్యమే రక్ష.

ఖర్చు లెక్క చూడండి. కిలోకు నాలుగు వేలకు పైగా గింజలు తూగుతాయి. ఎకరానికి 70 చోట్లు, చోటుకు అయిదు గింజలంటే 350. మళ్లీ వేసుకోవడానికి కొన్ని కలుపుకున్నా 150 గ్రాములు దాటదు. వంద ఎకరాల గుట్టకు 15 కిలోలు. అదే వంద ఎకరాలకు ఏడు వేల మొక్కలు సంచుల్లో పెంచి, ట్రాక్టరులో గుట్ట కిందకు చేర్చి, అక్కడి నుంచి మనుషులు మోసుకెళ్లి నాటడానికి ఎంతవుతుందో ఉపాధి హామీ పనులు చూసినవాళ్లెవరైనా చెబుతారు. మిగిలిన డబ్బు కాపలాదారు జీతం. డెబ్బై చోట్లకు మించి మొర్రి వేయొద్దు, మిగతా జాగ తునికికి, ఇప్పకు, తిరుమానుకు, నారేపకు, బిల్లుడుకు ఉండాలి.

నర్సరీ తప్పదంటే, సంచి పొడవు కనీసం అడుగు ఉండాలి. మామూలు చిన్న సంచిలో మొర్రి తల్లివేరు నెల తిరక్కుండానే అడుగు తాకి చుట్టుకుపోతుంది. అలా చుట్టుకున్న వేరు గుట్టలో ఎప్పటికీ కిందకు దిగదు. రెండేళ్లు పచ్చగా ఉండి మూడో ఎండాకాలం చచ్చే మొక్కల్ని పెరికి చూస్తే వేరు స్ప్రింగులా ఉండటం కనిపిస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు. రోజుకు ఒక్కసారి, పొద్దున్నే నీళ్లు. సాయంత్రం తడిపితే మొలకలు మొదలు దగ్గర కుళ్లి పడిపోతాయి. మూడు వారాలకోసారి సంచులు కదపాలి, లేకపోతే వేరు సంచి చీల్చుకుని నేలలోకి పోతుంది.

కాపలా

విత్తిన మొదటి ఏడాది మొక్క జానెడు మించదు. చూసేవాళ్లకు ఇది విఫలమైనట్టే కనిపిస్తుంది, తనిఖీకి వచ్చే అధికారికి మరీను. కానీ అప్పటికే వేరు పైభాగం కంటే ఎన్నో రెట్లు కిందకు దిగి ఉంటుంది. మనిషెత్తు కావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, తొలి కాపు ఎనిమిది పదేళ్లకు. ఒక ఏడాదికి బతికిన మొక్కల శాతం అడిగే ఏ పథకానికీ ఈ చెట్టు నప్పదు. పథకం మార్చాలి గానీ చెట్టును మార్చకూడదు. ఎత్తు కొలవొద్దు. మూడో ఎండాకాలం దాటాక పచ్చటి చిగురున్న చోట్లు ఎన్ని అని లెక్కపెడితే చాలు.

మేకల సంగతి సూటిగా మాట్లాడుకోవాలి. గుట్టంతా ఒకేసారి మూసేస్తామంటే ఏ ఊరూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. గొల్లకురుమల బతుకు ఆ మేత మీదే ఉంది. 20, 30 ఎకరాల ముక్క ఒకటి ఎంచి, అయిదేళ్లు అందులో మేపు ఆపి, మిగతా గుట్ట వదిలేయాలి. ఆ ముక్కలో పెరిగిన గడ్డిని కోసుకెళ్లే హక్కు మేపు వదులుకున్న కుటుంబాలకే రాసివ్వాలి. రెండో వానకాలానికి అక్కడ గడ్డి నడుమెత్తు వస్తుంది, అది వాళ్లకు నష్టపరిహారం. గొర్రె గడ్డిని వెతుకుతుంది, మేక చిగురును వెతుకుతుంది. అయిదో ఏడు దాటాక గొర్రెల్ని ముందు రానిచ్చి, మొక్కలు మేక మూతికి అందని ఎత్తు అయ్యాకే మేకల్ని రానివ్వాలి. కంప ఏడాదికి పుచ్చిపోతుంది. మూడేళ్లు ప్రతి దీపావళి తర్వాత కొత్త కంప వేయాలి.

ఆ గడ్డే నిప్పుకు మేత కూడా. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రం చేయాలనో, తునికాకు కొత్త చిగురు రావాలనో, ఒక్కోసారి బీడీ ముక్క పారేయడం వల్లనో గుట్ట అంటుకుంటుంది. పెద్ద మొర్రి దాన్ని ఓర్చుకుంటుంది, మందపు బెరడు అందుకే. లేత మొక్క నేల మట్టానికి కాలిపోతుంది. ఒకసారి కాలితే వానకు మళ్లీ మొదట్లోంచి చిగురిస్తుంది, ఏటా కాలితే వేరులో దాచుకున్నది అయిపోయి చస్తుంది. సంక్రాంతి వెళ్లగానే ముక్క చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కేయాలి, ఒక్కో మొక్క చుట్టూ మీటరు మేర కూడా. అయిదేళ్లలో చేసే పనులన్నిటిలో ఒక్కటే చేయగలమంటే నేను దీన్నే చేయమంటాను.

మూడో ఏడు ఒక్కో చోట మిగిలినవాటిలో బలమైనదాన్ని ఉంచి మిగతావి నేల మట్టానికి కోసేయాలి. పీకొద్దు, పీకితే ఉంచినదాని వేరు కదులుతుంది.

ఇదంతా మొర్రి అసలు లేని గుట్టకు. చాలా గుట్టల్లో అది ఉంది, కనిపించదు అంతే. విత్తే ముందు ఒకసారి, ఆగస్టులో, గడ్డి పక్కకు తీసి వెతకాలి. మోకాలెత్తు పొదల్లా, దళసరి మొద్దు ఆకులతో, మేక కొరికి కొరికి గుబురైన పిలకలు కనిపిస్తాయి. వాటి కింది వేరు ఏళ్ల నాటిది. అలాంటిది ఎకరానికి ముప్పై దాకా కనిపిస్తే ఒక్క గింజా విత్తనక్కర్లేదు. చలికాలంలో ఒక్కో గుబురులో నిటారుగా ఉన్న ఒకటి రెండు పిలకలు వదిలి మిగతావి కోసి, మేపు ఆపితే చాలు. విత్తిన మొక్క అయిదేళ్లలో చేరే ఎత్తును ఇవి రెండు మూడు వానల్లో చేరతాయి. ఈ పనికి ప్రారంభోత్సవం పెట్టడానికి వీలు లేదు, ఫొటోలో ఏమీ కనిపించదు, అందుకే దీనికి నిధులు రావడం కష్టం. అయినా గుట్టకు ఇంతకంటే మేలైన పెట్టుబడి నాకు తెలియదు.

చివరగా కాపు కోత. సారపప్పు ధర పెరిగేకొద్దీ అడవిలో పోటీ పెరిగింది. నేను కోయకపోతే పక్కవాడు కోస్తాడన్న భయంతో ఏప్రిల్‌లోనే పచ్చికాయ దులిపేస్తారు, అందని కొమ్మలను నరుకుతారు. కిలో పప్పుకు నాలుగైదు కిలోల గింజ కొట్టాలి. పచ్చికాయ అయితే పప్పు ముడుచుకుని తూకం ఇంకా పడిపోతుంది. అంటే తొందరపడ్డవాళ్లకూ గిట్టదు. ఎలుగుకు పండు మిగలదు, నేలకు విత్తనం మిగలదు. నరికిన కొమ్మ మళ్లీ పూతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కును అడవి మీద బతికే గిరిజనులకూ, తరతరాలుగా అక్కడుంటున్న ఇతరులకూ ఇచ్చింది, ఊరి అడవి వాడకాన్ని అదుపు చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది, 2013-14లో మొదలైన మద్దతు ధర పథకంలో సారగింజ కూడా ఉంది. ఈ రెండింటినీ కలిపి వాడుకోవచ్చు. గ్రామసభ ఏటా మే మొదటి వారంలో చెట్లు చూసి, పండు నల్లబడ్డాకే కోత తేదీ చాటించాలి. ఆ తేదీకి ముందు వచ్చిన గింజను గిరిజన సహకార సంస్థ కేంద్రం గానీ, సంతలో వ్యాపారి గానీ కొనకూడదన్న షరతు ఉండాలి. కొనేవాడు ఆగితేనే కోసేవాడు ఆగుతాడు. ప్రతి మూడు చెట్లలో ఒకదాన్ని సున్నపు గీత గీసి పూర్తిగా వదిలేయాలి, ఏటా గీత మరో చెట్టుకు మారాలి. చేతికందని పై కొమ్మలు ఎప్పుడూ పిట్టలవి, కోతులవి. వాటి కోసం గొడ్డలి ఎత్తిన కుటుంబానికి ఆ ఏడు కోత లేదని అదే సభలో రాసుకోవాలి.